స్పోర్టీ కారు కొంటున్నారా? మైలేజీ చూడాలా, బీమా చూడాలా... లెక్క ఇలా వేసుకోండి

టెస్ట్ డ్రైవ్‌లో యాక్సిలరేటర్ మీద కాలు వేయగానే సీటుకు అతుక్కుపోయారు. టర్బో ఇంజిన్ శబ్దం నచ్చింది, రంగు నచ్చింది. సేల్స్‌మన్ ఈఎంఐ ఎంతో కూడా చెప్పేశాడు. ఇక మిగిలింది అడ్వాన్స్ కట్టడమే అనుకుంటున్నారా?

ఒక్క నిమిషం ఆగండి. ఈఎంఐ ఐదేళ్లకో ఏడేళ్లకో అయిపోతుంది. పెట్రోల్ బంకులో కట్టే డబ్బు, ఏటా బీమాకు కట్టే డబ్బు మాత్రం కారు ఉన్నన్నాళ్లూ ఉంటాయి. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు, కాస్త పవర్ ఎక్కువున్న కారుకు మధ్య ఈ రెండు ఖర్చుల్లో ఎంత తేడా వస్తుంది? ఎవరికి ఏది ముఖ్యం? బీమా ప్రీమియం దేన్ని బట్టి మారుతుంది? వివరంగా చూద్దాం.

ముందు ఒక అపోహ తీసేద్దాం

ఇంటర్నెట్‌లో ‘స్పోర్ట్స్ కారు బీమా’ అని వెతికితే కనిపించే వాటిలో చాలా భాగం అమెరికా, బ్రిటన్ సమాచారమే. అక్కడ డ్రైవర్ వయసు, గతంలో చేసిన యాక్సిడెంట్లు, ఉండే ఏరియా, కారు మోడల్ అన్నీ కలిపి ప్రీమియం లెక్కేస్తారు. పాతికేళ్ల లోపు కుర్రాడు పవర్‌ఫుల్ కారు కొంటే బీమా గుండె గుభేల్‌మనిపిస్తుంది. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు మొదటి కారు కొనేటప్పుడు ఎదుర్కొనేది ఇదే. అందుకే అక్కడ కారు ఖరారు చేసుకునే ముందే బీమా కొటేషన్ తీసుకోవడం అలవాటు.

మన దగ్గర పద్ధతి వేరు. చట్టప్రకారం తప్పనిసరైన థర్డ్ పార్టీ ప్రీమియంలో డ్రైవర్ వయసుకు చోటు లేదు. కారు ఎంత వేగంగా వెళ్తుందన్నదీ లెక్కలోకి రాదు. చూసేది ఇంజిన్ ఎన్ని సీసీలన్నదే. ఎర్ర కారుకు బీమా ఎక్కువన్న మాట కూడా మనవాళ్లలో వినిపిస్తుంటుంది. అదీ నిజం కాదు. రంగుకు, ప్రీమియానికి సంబంధం లేదు.

బీమాలో రెండు భాగాలు

కారు బీమా బిల్లులో ప్రధానంగా రెండు పద్దులు ఉంటాయి.

మొదటిది థర్డ్ పార్టీ. మీ కారు వల్ల ఇతరుల ప్రాణాలకు, ఆస్తికి నష్టం జరిగితే పరిహారం ఇచ్చేది ఇది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146 ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. లేకుండా దొరికితే మొదటిసారి రూ. 2,000, మళ్లీ దొరికితే రూ. 4,000 జరిమానా. మూడు నెలల వరకు జైలుశిక్షకు కూడా వీలుంది.

రెండోది ఓన్ డ్యామేజ్. మీ కారుకు జరిగే నష్టానికి ఇది. యాక్సిడెంట్, దొంగతనం, అగ్నిప్రమాదం, వరద లాంటివి దీని కిందికి వస్తాయి. చట్టప్రకారం ఇది తప్పనిసరి కాదు. అయితే లోన్ మీద కొంటే బ్యాంకు అడుగుతుంది. కొత్త కారుకు ఇది లేకుండా తిరగడం తెలివైన పని కూడా కాదు.

వీటికి తోడు, యజమానే నడిపే కారుకు రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలి. ఇప్పటికే మీకు అలాంటి పాలసీ ఉంటే మళ్లీ కొననక్కర్లేదు. ఆ విషయం డీలర్‌కు చెప్పండి.

థర్డ్ పార్టీ ప్రీమియం: సీసీల ఆట

ఈ ప్రీమియాన్ని బీమా కంపెనీలు తమ ఇష్టానికి పెంచలేవు. కేంద్రమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ప్రైవేటు కార్లకు ఏడాదికి (జీఎస్టీ అదనం):

- 1000 సీసీ వరకు: రూ. 2,094
- 1000 దాటి 1500 సీసీ వరకు: రూ. 3,416
- 1500 సీసీ దాటితే: రూ. 7,897

2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. అందుకు వరుసగా రూ. 6,521, రూ. 10,640, రూ. 24,596 కట్టాలి. షోరూమ్ బిల్లులో బీమా అంకె పెద్దగా కనిపించడానికి ఇదొక కారణం.

ఇప్పుడు అసలు విచిత్రం చూడండి. మారుతీ స్విఫ్ట్ ఇంజిన్ 1197 సీసీ. పవర్ 82 పీఎస్ దాకా ఉంటుంది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో 998 సీసీ టర్బో ఇంజిన్. పవర్ 120 పీఎస్. వేగంలో రెండోదే ముందు. కానీ థర్డ్ పార్టీ ప్రీమియం స్విఫ్ట్‌కు రూ. 3,416, ఎన్ లైన్‌కు రూ. 2,094 మాత్రమే! చిన్న టర్బో ఇంజిన్ వెయ్యి సీసీ లోపు ఉండటమే దీనికి కారణం.

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలో 150 పీఎస్ ఇచ్చే 1498 సీసీ ఇంజిన్ ఉంటుంది. హ్యుందాయ్ వెర్నా టర్బోలో 160 పీఎస్ ఇచ్చే 1482 సీసీ ఇంజిన్. ఇవి రెండూ 1500 గీతకు లోపలే ఉన్నాయి కాబట్టి స్విఫ్ట్‌తో సమానంగా రూ. 3,416 కడితే చాలు. అదే 1984 సీసీ ఉన్న గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా ఆర్ఎస్ లాంటి అసలు సిసలు స్పోర్టీ కార్లయితే రూ. 7,897 శ్లాబులోకి వెళ్లిపోతాయి.

ఎలక్ట్రిక్ కార్లకు లెక్క వేరు. సీసీ ఉండదు కాబట్టి మోటారు ఎన్ని కిలోవాట్లన్నది చూస్తారు. 30 కిలోవాట్ల వరకు రూ. 1,780, 65 వరకు రూ. 2,904, అంతకు మించితే రూ. 6,712. అంటే ఇక్కడ పవర్ పెరిగితే ప్రీమియం కూడా నిజంగానే పెరుగుతుంది. హైబ్రిడ్ కార్లకు మామూలు రేటు మీద 7.5 శాతం తగ్గింపు ఉంది.

థర్డ్ పార్టీలో శ్లాబు మారినా 1500 సీసీ లోపు తేడా ఏడాదికి రూ. 1,322 మాత్రమే. కారు ఎంపికను మార్చేంత పెద్ద అంకె కాదు. అసలు బరువు రెండో పద్దులో ఉంది.

ఓన్ డ్యామేజ్: ఇక్కడే జేబు బరువు తెలుస్తుంది

ఓన్ డ్యామేజ్ ప్రీమియం ప్రధానంగా ఐడీవీని బట్టి ఉంటుంది. ఐడీవీ అంటే కారు దొంగతనానికి గురైనా, పూర్తిగా దెబ్బతిన్నా బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. కొత్త కారుకు ఇది ఎక్స్ షోరూమ్ ధరలో 95 శాతం. ఏడాది దాటితే 80, రెండేళ్లు దాటితే 70, మూడేళ్లు దాటితే 60, నాలుగేళ్లు దాటితే 50 శాతానికి తగ్గుతుంది.

2007 నుంచి ఓన్ డ్యామేజ్ ధరలను కంపెనీలే నిర్ణయించుకుంటున్నాయి. అయినా పాత టారిఫ్ పట్టికను చూస్తే లెక్క అర్థమవుతుంది. అందులో హైదరాబాద్ సహా ఎనిమిది మహానగరాలు జోన్ ఏ కిందికి వస్తాయి. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్ లాంటివన్నీ జోన్ బీ. ఐదేళ్ల లోపు కారుకు జోన్ ఏలో ఐడీవీ మీద 1000 సీసీ వరకు 3.127 శాతం, 1500 సీసీ వరకు 3.283 శాతం, ఆ పైన 3.447 శాతం. జోన్ బీలో కాస్త తక్కువ. రూ. 11 లక్షల కారుకు రెండు జోన్ల మధ్య తేడా వెయ్యి రూపాయల లోపే.

కాబట్టి శాతాల్లో పెద్ద తేడా లేదు. తేడా అంతా కారు ధరలోనే ఉంది. ఖరీదు ఎక్కువైతే ఐడీవీ ఎక్కువ, దాంతో ప్రీమియం ఎక్కువ. కంపెనీలు ఈ రేట్ల మీద డిస్కౌంట్ ఇస్తాయి. ఎంత ఇవ్వాలన్నది ఆ మోడల్‌కు వచ్చే క్లెయిమ్‌లు, విడిభాగాల ధర, కంపెనీ వ్యాపార లెక్కలను బట్టి మారుతుంది. అందుకే ఒకే కారుకు మూడు కంపెనీల కొటేషన్లు మూడు రకాలుగా వస్తాయి.

మైలేజీ స్టిక్కర్‌ను ఎంతవరకు నమ్మాలి?

బ్రోషర్‌లో కనిపించే ఏఆర్ఏఐ మైలేజీ అబద్ధం కాదు. కానీ అది మన రోడ్డు మీద కొలిచింది కూడా కాదు. ల్యాబ్‌లో రోలర్ల మీద కారును నిలబెట్టి, నిర్ణీత పద్ధతిలో నడిపి కొలుస్తారు. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఏసీ ఆపేసి ఉంటుంది. యాక్సిలరేటర్ నెమ్మదిగా నొక్కుతారు.

టర్బో కార్లకు ఈ పరీక్ష బాగా కలిసొస్తుంది. టర్బో ఇంజిన్ నెమ్మదిగా నడిపితే చిన్న ఇంజిన్‌లాగే తక్కువ తాగుతుంది. కాలు గట్టిగా నొక్కగానే ఎక్కువ గాలిని లోపలికి నెడుతుంది, దానికి తగ్గట్టు ఎక్కువ పెట్రోల్ పోస్తుంది. పరీక్షలో గట్టిగా నొక్కే సందర్భాలు తక్కువ కాబట్టి అంకె అందంగా వస్తుంది. వెర్నా టర్బోకు లీటరుకు సుమారు 20 కిలోమీటర్లు అని కంపెనీ చెప్పేది ఇలాంటి అంకే. పంజాగుట్ట సిగ్నల్ దగ్గరో, బెంజ్ సర్కిల్ దగ్గరో ఏసీ వేసుకుని నిలబడితే అది వచ్చే అవకాశం లేదు.

పైగా స్పోర్టీ కారు కొన్నవాళ్లు దాన్ని స్పోర్టీగానే నడుపుతారు కదా. కొన్నదే అందుకు!

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20 పెట్రోల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. ఈ20కి తగ్గట్టు ట్యూన్ చేసిన కార్లలో మైలేజీ 1 నుంచి 2 శాతం, మిగతా వాటిలో 3 నుంచి 6 శాతం తగ్గొచ్చని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. సెకండ్ హ్యాండ్‌లో పాత టర్బో కారు కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అంకె పెద్దదైతే ఆదా పెద్దదేనా?

మైలేజీ విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం.

- లీటరుకు 10 ఇచ్చే కారు నుంచి 12 ఇచ్చే కారుకు మారితే: 1,200 లీటర్ల బదులు 1,000 లీటర్లు. ఆదా 200 లీటర్లు.
- లీటరుకు 20 ఇచ్చే కారు నుంచి 24 ఇచ్చే కారుకు మారితే: 600 లీటర్ల బదులు 500 లీటర్లు. ఆదా 100 లీటర్లు.

చూడటానికి 20 నుంచి 24కి వెళ్లడం పెద్ద లాభంలా ఉంటుంది. నిజానికి 10 నుంచి 12కి వెళ్లడమే రెట్టింపు లాభం. స్పోర్టీ కార్లు సాధారణంగా ఈ తక్కువ మైలేజీ వైపే ఉంటాయి. అందుకే రెండు టర్బో కార్ల మధ్య లీటరుకు ఒకటి రెండు కిలోమీటర్ల తేడాను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. కిలోమీటర్లు కాదు, ఏడాదికి ఎన్ని లీటర్లు అని లెక్కేయండి.

మూడు కార్లు, ఒక ఏడాది ఖర్చు

ఇప్పుడు రెండు ఖర్చులూ కలిపి చూద్దాం. కింద ఇచ్చినవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలు. మీ కారు, మీ రూటు, మీ కొటేషన్ ప్రకారం మార్చుకోండి. పెట్రోల్ లీటరు రూ. 108 అనుకున్నాం. హైదరాబాద్‌లో రిజిస్ట్రేషన్. ఓన్ డ్యామేజ్‌కు పైన చెప్పిన టారిఫ్ మీద సగం డిస్కౌంట్ వచ్చిందనుకున్నాం. యాడ్ ఆన్‌లు, ప్రమాద బీమా కలపలేదు. 18 శాతం జీఎస్టీ కలిపాం. థర్డ్ పార్టీకి ఏడాది రేటు తీసుకున్నాం.

కారు 1: మామూలు 1.2 లీటర్ హ్యాచ్‌బ్యాక్. ఐడీవీ రూ. 8 లక్షలు, సిటీలో లీటరుకు 15.
పెట్రోల్ రూ. 86,400 + బీమా రూ. 19,527 = రూ. 1,05,927

కారు 2: 1.0 లీటర్ టర్బో హ్యాచ్‌బ్యాక్. ఐడీవీ రూ. 11 లక్షలు, సిటీలో లీటరుకు 12.
పెట్రోల్ రూ. 1,08,000 + బీమా రూ. 22,766 = రూ. 1,30,766

కారు 3: 1.5 లీటర్ టర్బో సెడాన్. ఐడీవీ రూ. 18 లక్షలు, సిటీలో లీటరుకు 10.
పెట్రోల్ రూ. 1,29,600 + బీమా రూ. 38,896 = రూ. 1,68,496

ఇవి ఏడాదికి 12,000 కిలోమీటర్ల లెక్క. మొదటి కారు బదులు రెండోది కొంటే నెలకు సుమారు రూ. 2,070 అదనం. మూడోది కొంటే నెలకు రూ. 5,200 పైనే అదనం. ఈఎంఐలో తేడా దీనికి వేరుగా ఉంటుంది.

మరి దేనికి ప్రాధాన్యం ఇవ్వాలి?

జవాబు మీరు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారన్న దాని మీద ఉంది. ఒకటో కారును, మూడో కారును పోల్చి చూడండి.

- ఏడాదికి 6,000 కి.మీ. తిరిగితే: పెట్రోల్‌లో తేడా రూ. 21,600, బీమాలో తేడా సుమారు రూ. 19,400. దాదాపు సమానం.
- 12,000 కి.మీ. అయితే: పెట్రోల్‌లో తేడా రూ. 43,200. బీమా తేడా అదే.
- 20,000 కి.మీ. అయితే: పెట్రోల్‌లో తేడా రూ. 72,000. బీమా తేడా అదే.

పెట్రోల్ ఖర్చు మీరు తిరిగే దూరాన్ని బట్టి పెరుగుతుంది. బీమా ఖర్చు కారు ధరను బట్టి ఉంటుంది. కారు ఇంట్లో ఉన్నా, రోడ్డు మీద ఉన్నా అది కట్టాల్సిందే.

అంటే ఆఫీసుకు మెట్రోలో వెళ్తూ, శని ఆదివారాల్లోనే కారు తీసేవాళ్లు మైలేజీ గురించి మరీ బెంగ పడనక్కర్లేదు. వాళ్లు చూడాల్సింది ఐడీవీ, డిస్కౌంట్, యాడ్ ఆన్‌లు. రోజూ మియాపూర్ నుంచి ఆదిభట్లకో, గుంటూరు నుంచి విజయవాడకో తిరిగేవాళ్లకు మాత్రం లీటరుకు రెండు కిలోమీటర్ల తేడా కూడా బీమా తేడాను మింగేస్తుంది.

ఇంకో సంగతి. ఐడీవీ ఏటా తగ్గుతుంది కాబట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియం కూడా తగ్గుతూ వస్తుంది. పెట్రోల్ ఖర్చు అలా తగ్గదు. కారును ఏడెనిమిదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే మైలేజీకే ఎక్కువ మార్కులు వేయాలి.

తక్కువ తిరిగేవాళ్ల కోసం ‘పే యాజ్ యూ డ్రైవ్’ అనే యాడ్ ఆన్ కూడా ఉంది. తిరిగిన కిలోమీటర్లను బట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియం తగ్గించే ఈ పద్ధతికి 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతి ఇచ్చింది. కొటేషన్ తీసుకునేటప్పుడు అడగండి.

కొనేటప్పుడే పడే తేడా

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారాయి. పెట్రోల్ కారు ఇంజిన్ 1200 సీసీ లోపు, పొడవు 4 మీటర్ల లోపు ఉంటే 18 శాతం. ఈ రెండు షరతుల్లో ఏ ఒక్కటి దాటినా 40 శాతం. ఐ20 ఎన్ లైన్ ఈ రెండింటిలోనూ పాస్. వర్టస్‌లో 999 సీసీ ఇంజిన్ ఉన్న వేరియంట్ కొన్నా పొడవు నాలుగున్నర మీటర్లు దాటుతుంది కాబట్టి 40 శాతమే పడుతుంది. దీని మీద రాష్ట్ర లైఫ్ ట్యాక్స్ అదనం. కారు ధర పెరిగే కొద్దీ ఆ శాతం కూడా పెరుగుతుంది.

ధర పెరిగితే ఐడీవీ, ఐడీవీ పెరిగితే ప్రీమియం పెరుగుతాయి. కాబట్టి స్పోర్టీ కారు కావాలి, ఖర్చు అదుపులో ఉండాలి అనుకునేవాళ్లకు నాలుగు మీటర్ల లోపు, వెయ్యి సీసీ లోపు టర్బో హ్యాచ్‌బ్యాక్ మూడు చోట్ల కలిసొస్తుంది: జీఎస్టీ, థర్డ్ పార్టీ, ఐడీవీ. మైలేజీలో మాత్రం కొంత వదులుకోవాలి.

స్పోర్టీ కారుకు ఏ యాడ్ ఆన్‌లు అవసరం?

జీరో డెప్: మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం డబ్బే ఇస్తారు. బంపర్ రూ. 20,000 అయితే రూ. 10,000 మీ జేబులోంచి పోతుంది. పైగా 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిమ్‌లో మొదటి రూ. 1,000, ఆ పైన ఇంజిన్‌కు రూ. 2,000 మీరే భరించాలి. స్పోర్టీ వేరియంట్ల బంపర్లు, స్కర్టులు మామూలు వాటి కన్నా ఖరీదు. మొదటి ఐదేళ్లు జీరో డెప్ ఉంటేనే మంచిది.

టైర్ కవర్: లో ప్రొఫైల్ టైర్లు, పెద్ద అలాయ్ వీల్స్ మన గుంతలకు త్వరగా దెబ్బతింటాయి. కారుకు ఇంకేం కాకుండా టైరు ఒక్కటే పగిలితే మామూలు పాలసీలో పైసా రాదు. కారు కూడా దెబ్బతింటే టైరుకు సగం ఇస్తారు.

ఇంజిన్ ప్రొటెక్ట్: నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేస్తే ఇంజిన్ బిగుసుకుపోతుంది. ఈ నష్టం మామూలు పాలసీలో రాదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరద చూసినవాళ్లకు దీని అవసరం చెప్పక్కర్లేదు. కారు ఎత్తు తక్కువైతే ముప్పు ఇంకా ఎక్కువ. అన్నట్టు, నీళ్లలో ఆగిన కారుకు తాళం తిప్పకండి. టోయింగ్‌కు ఫోన్ చేయండి.

రిటర్న్ టు ఇన్వాయిస్: కారు పోయినా, పూర్తిగా పాడైనా ఐడీవీ కాకుండా కొన్న బిల్లు మొత్తం వచ్చే ఏర్పాటు. లోన్ ఎక్కువ ఉన్నవాళ్లకు మొదటి రెండు మూడేళ్లు ఉపయోగం.

మూడు యాడ్ ఆన్‌లు కలిస్తే ప్రీమియం గణనీయంగా పెరుగుతుంది. అందుకే అన్నీ కలిపిన కొటేషన్ చూశాకే కారు ఖరారు చేసుకోండి.

క్లెయిమ్ పోగొట్టే పనులు

స్పోర్టీ కారు కొన్నాక చాలామంది చేసే మొదటి పని మార్పులు. సైలెన్సర్ మార్చడం, ఇంజిన్ ట్యూన్ చేయించడం, సైజు పెద్ద చక్రాలు వేయించడం. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పడొచ్చని చట్టంలోని సెక్షన్ 182ఏ చెబుతోంది. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ సమయంలో బయటపడితే తిరస్కరించడానికి వాళ్లకు కారణం దొరికినట్టే.

ట్రాక్ మీద రేసులు, వేగ పరీక్షల్లో జరిగే నష్టానికి మామూలు ప్రైవేటు కారు పాలసీ వర్తించదు. సరదాకు వెళ్లినా సరే.

ఇక చిన్న గీతలకు క్లెయిమ్ వేయడం. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్ మీద 20 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. అది ఏటా 25, 35, 45, 50 శాతం దాకా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడిపోతుంది. రూ. 25,000 ఓన్ డ్యామేజ్ కట్టేవాళ్లకు 20 శాతమంటేనే రూ. 5,000. కాబట్టి ఐదారు వేల రిపేరుకు క్లెయిమ్ వేయకపోవడమే లాభం.

ఈ బోనస్ కారుది కాదు, మీది. పాత కారు అమ్మేస్తే బీమా కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుని మూడేళ్లలోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. పదేళ్లు చిన్న కారు జాగ్రత్తగా నడిపి ఇప్పుడు టర్బో సెడాన్ కొంటున్నవాళ్లకు 50 శాతం బోనస్ ఉంటే మొదటి ఏడాదే ఓన్ డ్యామేజ్ సగానికి తగ్గుతుంది. పైన మూడో కారు లెక్కలో అది రూ. 14,700 దాకా ఆదా. చాలామంది పాత కారుతో పాటు దీన్నీ వదిలేసుకుంటున్నారు. పాలసీ గడువు ముగిశాక 90 రోజులు దాటినా బోనస్ పోతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే?

పాత స్పోర్టీ కారుకు ఐడీవీ తక్కువ కాబట్టి బీమా చవక. మైలేజీ మాత్రం అంతే. విడిభాగాల ధరలు కూడా కొత్త కారువే. నాలుగేళ్లు దాటిన కారుకు జీరో డెప్ లేకపోతే ఇనుప భాగాలకు కూడా 35 శాతం కోత పడుతుంది. కొన్న 14 రోజుల్లోగా బీమా మీ పేరు మీదకు మార్పించుకోవాలి. అమ్మినాయన బోనస్ మీకు రాదు.

అడ్వాన్స్ కట్టే ముందు ఈ ఐదు చేయండి

1. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో ఇప్పుడున్న బండి ఓడోమీటర్ చూసి రాసుకోండి. ఊహించొద్దు.
2. అదే మోడల్ వాడుతున్న ఇద్దరు ముగ్గుర్ని సిటీ మైలేజీ అడగండి. ట్యాంకు నింపి, మళ్లీ నింపేదాకా తిరిగిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగించి చెప్పమనండి.
3. ఒకే ఐడీవీ, అవే యాడ్ ఆన్‌లతో కనీసం మూడు కొటేషన్లు తీసుకోండి. ఐడీవీ తగ్గించి ప్రీమియం చవకగా చూపిస్తున్నారేమో గమనించండి.
4. డీలర్ చెప్పిన చోటే బీమా తీసుకోవాలన్న రూలేమీ లేదు. ఓన్ డ్యామేజ్‌ను విడిగా కొనుక్కునే వీలు 2019 సెప్టెంబరు నుంచి ఉంది. మొదటి ఏడాది తర్వాత ఆ భాగాన్ని వేరే కంపెనీకి మార్చుకోవచ్చు.
5. పెట్రోల్, బీమా కలిపి నెలకు ఎంతో లెక్కేసి ఈఎంఐకి కలపండి. మీరు నిజంగా భరించాల్సింది ఆ మొత్తం.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరిస్తే?

ముందు బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. పరిష్కారం కాకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయొచ్చు. 155255 లేదా 1800 4254 732 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. కంపెనీ 30 రోజుల్లో స్పందించకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉంది. రూ. 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి.

స్పోర్టీ కారు కొనడం తప్పేం కాదు. నెలకు రెండు వేలు ఎక్కువైనా ఆ సరదా కావాలనుకుంటే అది మీ ఇష్టం. కాకపోతే ఆ రెండు వేలో ఐదు వేలో టెస్ట్ డ్రైవ్ రోజే తెలిసి ఉండాలి. ఏడాది తర్వాత రెన్యువల్ మెసేజ్ చూసి కాదు.